తత్త్వశాస్త్రం మొదలుపెట్టేవాళ్లు ఏ పుస్తకం పట్టుకోవాలి? (మెటాఫిజిక్స్ మీద ఆసక్తి)

కొత్తపాఠకుడు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా మీ చర్చలు చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. తత్త్వశాస్త్రం, అందులోనూ మెటాఫిజిక్స్ (అసలు ఉన్నది ఏమిటి, ఎలాంటిది అని అడిగే శాఖ), ఒక వరుసలో చదువుకోవాలని ఉంది. డిగ్రీ కోసం కాదు, పరీక్షలేమీ లేవు. నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: పసివాడిగా ఉన్న నేనూ ఇప్పటి నేనూ ఒకరేనా? ఒకరే అయితే ఆ ఒక్కటీ ఏది? ఒళ్లు మారింది, ఆలోచనలు మారాయి, జ్ఞాపకాల్లో సగం చెరిగిపోయాయి.

మెటాఫిజిక్స్ అని వెతికితే సగం స్ఫటికాలు, ఆరాలు, పూర్వజన్మలు. మిగతా సగం అరిస్టాటిల్, కాంట్. అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' తెరిచాను, మొదటి భాగం కూడా దాటలేకపోయాను. మన దర్శనాలతో మొదలుపెట్టాలా, పాశ్చాత్యులతోనా? చరిత్ర ముందు చదవాలా? దయచేసి యాభై పుస్తకాల జాబితా మాత్రం ఇవ్వకండి.

నీలిసిరా

ముందు కాస్త ధైర్యం చెబుతాను. మధ్యయుగపు తత్త్వవేత్త, వైద్యుడు ఇబ్న్ సీనా తన ఆత్మకథలో రాసుకున్న సంగతి ఇది. అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' 40 సార్లు చదివాడట. కంఠస్థం కూడా అయిపోయిందట. అయినా ఆ పుస్తకం దేనికోసం రాశారో అంతుపట్టలేదు. ఒకరోజు పుస్తకాల బజారులో ఓ దళారి ఏదో పుస్తకం అంటగట్టబోతే, పనికిరాదని విసుక్కున్నాడు. సొంతదారు డబ్బు ఇబ్బందిలో ఉన్నాడు, మూడు దిర్హాములకే వస్తుంది అంటే సరేనని తీసుకున్నాడు. తీరా చూస్తే అది అరిస్టాటిల్ గ్రంథం ఉద్దేశాల మీద అల్ ఫారాబీ రాసిన చిన్న రచన. చదవగానే చిక్కుముడి విడిపోయింది. మర్నాడు సంతోషం పట్టలేక పేదలకు దానం చేశాడట.

అంతటివాడికే దారి చూపే చిన్న పుస్తకం కావలసొచ్చింది. పైగా అరిస్టాటిల్ ఆ 14 భాగాలనూ ఒక్క పుస్తకంగా కూర్చుని రాయలేదు, వేర్వేరు రచనలను తర్వాతివాళ్లు ఒకచోట చేర్చారు. అది మొదటి పుస్తకం కానే కాదు.

నా ఓటు బెర్‌ట్రండ్ రస్సెల్ 'ద ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ'కి. 1912 నాటిది, 15 చిన్న అధ్యాయాలు, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. మొదటి అధ్యాయమంతా ఎదురుగా ఉన్న ఒక బల్ల గురించే. ఇటునుంచి చూస్తే గోధుమరంగు, వెలుతురు పడినచోట తెలుపు, కుర్చీ జరిపితే ఆ తెలుపు ఇంకోచోటికి పోతుంది. మరి బల్లకు అసలు రంగు ఏది? పది పేజీలు తిరిగేసరికి బల్ల ఉందో లేదో అన్న అనుమానం దాకా లాక్కెళ్తాడు. అది కూడా బరువనిపిస్తే థామస్ నేగెల్ 'వాట్ డజ్ ఇట్ ఆల్ మీన్?' (1987). వంద పేజీల పుస్తకం, పెద్దపెద్ద పేర్లతో బెదరగొట్టడు, నేరుగా ప్రశ్నల్లోకి దించేస్తాడు.

స్ఫటికాల సంగతి సులువే. "మీ జీవితం మారిపోతుంది" అని అట్ట మీదే మాటిచ్చే పుస్తకం ఏదైనా పక్కన పెట్టేయండి.

పాతఅట్ట

నీలిసిరా గారూ, నేను ఒప్పుకోను. చరిత్ర తెలియకుండా సమస్యల్లోకి దిగడం పటం లేకుండా కొత్త ఊళ్లో దిగినట్టే. రస్సెల్ ఆ బల్ల గురించి అలా ఎందుకు అడుగుతున్నాడో తెలియాలంటే లాక్, బర్‌క్లీ తెలియాలి. వాళ్లు తెలియాలంటే డెకార్ట్ తెలియాలి.

కాబట్టి ముందు చరిత్ర ఒకటి. విల్ డ్యురాంట్ 'ద స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ' (1926) అందరూ చెప్తారు, వచనం హాయిగా ఉంటుంది కూడా. కానీ మెటాఫిజిక్స్ కోసమైతే కొనకండి. అరిస్టాటిల్ అవగానే ఫ్రాన్సిస్ బేకన్ దగ్గర తేలతాడు, మధ్యయుగాలు దాదాపు మాయం. వోల్టేర్‌కీ, స్పెన్సర్‌కీ పెద్ద అధ్యాయాలు ఉంటాయి గానీ డెకార్ట్‌కు గానీ హ్యూమ్‌కు గానీ విడిగా అధ్యాయం లేదు! రస్సెల్ రాసిన పాశ్చాత్య తత్త్వచరిత్ర (1945) ఇంతకంటే నయం. నచ్చనివాళ్ల మీద, ముఖ్యంగా నీషే మీద, పక్షపాతం దాచుకోడు, అంతే. ఓపికుంటే కాపుల్‌స్టన్ సంపుటాలు.

మన దర్శనాలకు హిరియన్న గారి 'అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ' (1932). రాధాకృష్ణన్ రెండు సంపుటాలూ గొప్పవే, కానీ ఆయన వాక్యం పొంగుతుంది. హిరియన్న గారు ఒక్క మాట ఎక్కువ వాడరు.

శూన్యవాది27

ఇంత తతంగం ఎందుకండీ. సన్నగా ఉన్న పుస్తకం ఒకటి పట్టుకుని అందులోనే మునిగిపోండి. విట్‌గెన్‌స్టైన్ 'ట్రాక్టేటస్' వంద పేజీలు లేదు. లైబ్నిట్జ్ 'మోనడాలజీ' 90 పేరాలు. మాండూక్యోపనిషత్తు 12 మంత్రాలే!

నీలిసిరా

శూన్యవాది గారూ, ఆ 12 మంత్రాలకు గౌడపాదుల కారికలు 215, వాటిమీద మళ్లీ భాష్యం. సన్నటి పుస్తకం అంటే వివరణ అంతా పాఠకుడి నెత్తిన పెట్టిన పుస్తకం అని అర్థం. దయచేసి కొత్తవాళ్లకు చెప్పకండి :)

ఘటపటాలు

నాకు కొంచెం పక్షపాతం ఉంది, న్యాయవైశేషికాలు చదువుకున్నవాణ్ణి. ఉన్నవన్నీ ఏయే రకాలు అన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే పుస్తకం కావాలంటే అన్నంభట్టు 'తర్కసంగ్రహం'. 17వ శతాబ్దం. "బాలానాం సుఖబోధాయ" అని మొదటి శ్లోకంలోనే చెప్పుకున్నాడు. అయితే వ్యాఖ్యాతలు ఊహించిన విద్యార్థి పాలు తాగే పసివాడు కాదు, చెప్పింది వెంటనే పట్టుకుని గుర్తుంచుకోగల సమర్థుడు. కనుక సొంతంగా కాక మంచి వ్యాఖ్యతో, వీలైతే చెప్పేవాళ్ల దగ్గర చదవాలి.

ఏడు పదార్థాలు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ఆ ఏడోది చూడండి. నేల మీద కుండ లేదు. మీరు చూస్తున్నది నేలనే, మరి "కుండ లేదు" అన్నది ఎలా తెలిసింది? ఖాళీ నేల తెలిసింది అంటారా, ఖాళీ అంటే ఏమిటి మళ్లీ? నైయాయికుడు (న్యాయదర్శనం వాడు) లేకపోవడం కూడా లోకంలో ఉన్నదే అంటాడు, దానిలో నాలుగు రకాలు చూపిస్తాడు. కుండ చేయకముందు లేకపోవడం, పగిలాక లేకపోవడం, గాలిలో రూపంలా ఎప్పుడూ లేకపోవడం, కుండ బట్ట కాకపోవడం. ఇవి నాలుగూ ఒకటి కావని ఒప్పుకున్నారా, సగం చిక్కుకున్నట్టే. ప్రాభాకర మీమాంసకుడు (మీమాంసలో ప్రభాకరుడి శాఖవాడు) మాత్రం ఇదంతా అనవసరం, ఉన్నది వట్టి నేలే అంటాడు.

పూర్వపక్షి

అందరూ మంచి పుస్తకాలే చెప్పారు. కానీ కొత్తపాఠకుడు గారికి ఉపయోగపడే కొలత వేరే ఉందనిపిస్తుంది. చరిత్రా సమస్యా, ప్రాచ్యమా పాశ్చాత్యమా అన్నది తర్వాత. పుస్తకం తిరగేసి ఒక్కటి చూసుకోండి: ఇందులో రచయితకు ఎదురు చెప్పేవాడు ఉన్నాడా? ఉంటే తీసుకోండి. లేకపోతే రెండో విడతకు వదిలేయండి.

ఎందుకంటే సొంతంగా చదువుకునేవాళ్లకు పెద్ద లోటు అదే. తరగతిలో అయితే పక్కవాడు చెయ్యెత్తి "అదెలా కుదురుతుందండీ" అంటాడు. ఒంటరిగా చదివితే డెకార్ట్ చదివినప్పుడు డెకార్ట్ నిజం, శంకరులు చదివినప్పుడు శంకరులు నిజం, నాగార్జునుడు చదివినప్పుడు ఏదీ నిజం కాదు. నెల తిరిగేసరికి అభిప్రాయాలు పోగవుతాయి, వాదన ఒక్కటీ చేతికి రాదు. చరిత్ర పుస్తకాలతో ఉన్న ఇబ్బందీ ఇదే, పాతఅట్ట గారూ. ఆయన ఇలా అన్నాడు, తర్వాతాయన అలా అన్నాడు అని చెప్తాయి. ఎందుకు అన్నాడో రెండు వాక్యాల్లో తేలిపోతుంది.

మన శాస్త్రాల్లో ఇది అలవాటుగానే ఉంది, పూర్వపక్షం (ఎదుటివాడి వాదం) చెప్పకుండా సిద్ధాంతం చెప్పరు. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరుల మొదటి వాక్యమే తన మీద రాగల ఆక్షేపణ. విషయం (తెలియబడేది), విషయి (తెలుసుకునేది) వెలుగు చీకట్లలా విరుద్ధం కదా, ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడటం ఎలా కుదురుతుంది అని. అక్కడినుంచి మొదలుపెడతారు. అయితే భాష్యం తొలి పుస్తకం కాదు లెండి.

మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయేది జాన్ పెర్రీ 'ఎ డయలాగ్ ఆన్ పర్సనల్ ఐడెంటిటీ అండ్ ఇమ్మోర్టాలిటీ' (1978). చిన్న పుస్తకం, మూడు రాత్రుల సంభాషణ. ఆసుపత్రిలో చావుకు దగ్గరపడిన తత్త్వశాస్త్ర అధ్యాపకురాలు గ్రెచెన్ వీరబ్, ఆమెను చూడటానికి వచ్చిన పాస్టర్ మిల్లర్, పాత శిష్యుడు కోహెన్. ఆమె మిల్లర్‌ను ఓదార్పు అడగదు. చచ్చాక నేను ఉంటానని రుజువు చెయ్యక్కర్లేదు, ఉండటం కుదురుతుందని మాత్రం చూపించు చాలు అంటుంది. అక్కడ మొదలవుతుంది.

తీరికలేదు

పెర్రీకి నాదీ ఓటు. బస్సులో చదివేయొచ్చు.

పాత పుస్తకాల ఇంగ్లీషు నోరు తిరగనివాళ్లకు ఒక మాట: జొనాథన్ బెనెట్ అనే ఆచార్యుడు డెకార్ట్, బర్‌క్లీ, హ్యూమ్ వగైరాలను ఇప్పటి ఇంగ్లీషులోకి మార్చి 'ఎర్లీ మోడర్న్ టెక్స్ట్స్' సైట్లో ఉచితంగా పెట్టాడు. స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం కూడా ఉచితమే. కానీ అందులో తిన్నగా వ్యాసం మొదలుపెట్టి చివరిదాకా చదవబోకండి, ఊపిరాడదు. పుస్తకం చదివాక సందేహం వచ్చిన చోట తెరవడానికి అది.

పాతఅట్ట

పూర్వపక్షి గారూ, సంభాషణలు మీరు అనుకున్నంత నిజాయితీగా ఉండవు. ప్లేటో రచనల్లో సగం మంది "అవును సోక్రటీస్", "నిస్సందేహంగా సోక్రటీస్" అనడానికే ఉన్నారు. బర్‌క్లీ 'త్రీ డయలాగ్స్' (1713)లో హైలాస్ మనసుకు బయట జడపదార్థం ఉందని వాదించాలి. మూడో సంభాషణ ముగిసేసరికి ప్రత్యర్థి ఫిలోనస్ చేతిలో మెత్తబడిపోతాడు. ఎదురు చెప్పేవాడూ రచయిత చేతి బొమ్మే కదా. అలాంటప్పుడు చరిత్రకారుడే నయం, కనీసం ఇద్దరినీ సమానంగా చూస్తాడు.

పూర్వపక్షి

మంచి ఆక్షేపణ. రెండు జవాబులు.

హైలాస్ తొందరగా ఒప్పుకున్నాడు అని మీకు అనిపించిందంటే పుస్తకం పని చేసిందన్నమాట. ఆ చోట పెన్సిలుతో గీత పెట్టి, హైలాస్ ఏమని ఉండాల్సిందో మీరే రాయండి. మొదటి సంభాషణలో వేడి గురించిన వాదన ఉంది. మండే వేడి అంటే బాధే కదా, బాధ మనసులోనే కదా ఉండేది, కనుక వేడి కూడా మనసులోనే అంటాడు ఫిలోనస్. హైలాస్ కాసేపు గింజుకుని దారికొస్తాడు. బాధ వేడివల్ల కలిగేది, అదే వేడి కాదు అని గట్టిగా నిలబడితే ఏమయ్యేది? అరపేజీ రాస్తే చాలు, ఆ రోజుకు చదువు అయినట్టే.

రెండోది, బొమ్మలు కాని ప్రత్యర్థులున్న పుస్తకాలు ఉన్నాయి. డెకార్ట్ 'మెడిటేషన్స్' 1641లో అచ్చయినప్పుడే ఇతరుల ఆక్షేపణలు, తన సమాధానాలు వెనక చేర్చాడు. అందులో హాబ్స్ ఉన్నాడు, ఆర్నో ఉన్నాడు, గసెండీ ఉన్నాడు. ఆరు ధ్యానాలు మాత్రమే ఉన్న సన్న ప్రతి కాకుండా ఆక్షేపణలు కొన్నయినా ఉన్న ప్రతి చూసి తీసుకోండి.

ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైనవి బొహీమియా రాకుమారి ఎలిజబెత్ డెకార్ట్‌కు రాసిన ఉత్తరాలు. 1643 మేలో మొదటి ఉత్తరం రాసింది. ఆమె అడిగింది ఒక్కటే. ఆత్మ కేవలం ఆలోచించే ద్రవ్యం, దానికి వైశాల్యం లేదు, అది దేన్నీ తాకలేదు అంటారు. మరి శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? ఏదైనా కదలాలంటే ఏదో ఒకటి నెట్టాలి కదా. డెకార్ట్ బరువును ఉదాహరణగా తెచ్చాడు. బరువు రాయిని కిందికి లాగుతుందని అనుకునేటప్పుడు, ఒక తలం ఇంకో తలాన్ని నెట్టినట్టు ఊహించుకోము కదా అన్నాడు. ఆమె ఊరుకోలేదు. ఆ బరువు ఊహ తప్పని మీరే అంటారే, దాన్ని పట్టుకుని ఆత్మను ఎలా అర్థం చేసుకోవాలి అని తిరిగి రాసింది. తత్త్వశాస్త్రంలో ప్రశ్న అడగడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు.

ఘటపటాలు

కొలత నాకు నచ్చింది. ఆ లెక్కన తర్కసంగ్రహం మొదటి పుస్తకం కాదు, ఒప్పుకుంటున్నాను. మూలంలో నిర్వచనాలే తప్ప కొట్లాట కనిపించదు, కొట్లాటంతా అన్నంభట్టే రాసుకున్న 'దీపిక'లో ఉంది.

కానీ కొత్తపాఠకుడు గారి ప్రశ్న అక్షరాలా 'మిలింద ప్రశ్న'లో ఉందండీ, మిలిందుడనే రాజుకూ నాగసేనుడనే భిక్షువుకూ సంభాషణగా ఉన్న బౌద్ధ గ్రంథం అది. రథం కథ అందరికీ తెలుసు. ఇరుసు రథం కాదు, చక్రాలు రథం కాదు, మరి రథం ఏది అని. ఆ తర్వాత వచ్చే ఇంకో సంభాషణ చూడండి. నాగసేనుడు రాజును అడుగుతాడు: మీరు వెల్లకిలా పడుకున్న పసికందుగా ఉన్నారే, ఆ పసివాడే ఇప్పటి మీరా? రాజు చప్పున కాదంటాడు. వాడు వేరు, నేను వేరు. అలాగైతే మీకు తల్లీ లేదు, తండ్రీ లేదు, గురువూ లేడు అంటాడు భిక్షువు. చదువుకున్నవాడు వేరు, చదువు వచ్చినవాడు వేరా? నేరం చేసినవాడు వేరు, శిక్షగా చేతులు తెగినవాడు వేరా? రాజు తికమకపడి మరి మీరేమంటారు అంటే, రాత్రంతా వెలిగిన దీపం చూపిస్తాడు. మొదటి జాము మంటా చివరి జాము మంటా ఒకటే కాదు, అలాగని రెండు దీపాలూ కావు.

దీనికి మా నైయాయికుల పూర్వపక్షం కూడా చదవాలి మరి! న్యాయసూత్రాలు మూడో అధ్యాయం మొదటి సూత్రం. కంటితో చూసినదాన్నే చేత్తో తాకుతున్నాను అంటాం. కన్ను తాకదు, చెయ్యి చూడదు. చూసినదీ తాకినదీ ఒక్కరే అని గుర్తించేవాడు ఎవరు? ఒక క్షణం మంట ఇంకో క్షణం మంటను గుర్తుపట్టదు కదా.

శూన్యవాది27

గుర్తుపట్టడం కూడా మంటే అయితే? :) సరే సరే, నేను మాట్లాడను. వసుబంధుడి 'అభిధర్మకోశం' చివరి అధ్యాయం ఎప్పటికైనా చదవండి, ఇదే గొడవ, చాలా గట్టిగా. ఇప్పుడే కాదు.

కొత్తపాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. పెర్రీ పూర్తిచేశాను, మిలింద ప్రశ్నలో ఆ భాగాలు చదివాను, రస్సెల్ నాలుగు అధ్యాయాలు అయ్యాయి.

పెర్రీలో మొదటి రాత్రే నన్ను పట్టేసింది. ఒకే ఆత్మ ఉంటే ఒకే మనిషి అంటాడు మిల్లర్. ఆత్మ కనిపించదు కదా, నిన్న చూసిన గ్రెచెనే ఈమె అని నీకెలా తెలిసింది అంటుంది ఆమె. ఒకే శరీరం ఉంటే ఒకే ఆత్మ ఉంటుంది అంటాడు. అక్కడ చాక్లెట్ ఉదాహరణ వస్తుంది. పైన మెలిక ఆకారం చూసి లోపల ఏముందో చెప్పగలం, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి కొరికి చూశాం. ఆత్మను ఎవరు కొరికి చూశారు?! పుస్తకం మూసి చాలాసేపు మిల్లర్ తరఫున జవాబు వెతికాను. నాకు నా ఆత్మ లోపలినుంచి తెలుసు కదా అని రాశాను. వెంటనే ఇంకో సందేహం. లోపల నాకు తెలిసేవి ఆలోచనలే, వాటి వెనక ఆత్మ రోజూ మారిపోతున్నా నాకు తేడా తెలియదుగా.

ఇది హ్యూమ్ చెప్పినదేనని రస్సెల్ చదువుతుంటే అనుమానం వచ్చింది. హ్యూమ్ చదవాలంటే 'ఎంక్వైరీ' సులువని చాలామంది అంటున్నారు. అదే తీసుకోనా?

పూర్వపక్షి

వద్దండీ, మీ పనికి అది కాదు. 1748 నాటి 'ఎంక్వైరీ' ('ఏన్ ఎంక్వైరీ కన్సర్నింగ్ హ్యూమన్ అండర్‌స్టాండింగ్') సులువే. కార్యకారణ సంబంధానికి చక్కటి పుస్తకం. కానీ మీ ప్రశ్న అందులో లేదు, హ్యూమ్ దాన్ని పూర్తిగా వదిలేశాడు. మీకు కావలసింది హ్యూమ్‌దే 'ట్రీటిస్' ('ఎ ట్రీటిస్ ఆఫ్ హ్యూమన్ నేచర్') మొదటి పుస్తకం, నాలుగో భాగం, ఆరో ప్రకరణం. అదొక్కటే చదవండి, ముందూ వెనకా ఇప్పుడు అక్కర్లేదు. నాలోకి నేను తొంగిచూసుకుంటే వేడో చలో, ప్రేమో ద్వేషమో ఏదో ఒక అనుభవమే తగులుతుంది గానీ 'నేను' ఎక్కడా తగలదు అన్న మాట అక్కడిదే.

అది చదివాక 'ట్రీటిస్' చివర ఉన్న అనుబంధానికి వెళ్లండి. ఈ ప్రకరణాన్ని మళ్లీ చూసుకుంటే బయటపడే దారి తెలియని చిక్కులో పడ్డాను అని హ్యూమే రాసుకున్నాడు. విడివిడి అనుభవాలన్నీ విడివిడి ఉనికులే. వాటి మధ్య నిజమైన ముడి ఏదీ మనసుకు కనిపించదు. ఈ రెంటినీ వదులుకోలేను, వీటితో 'నేను' ఎలా కుదురుతుందో చెప్పలేను అంటాడు. తన సిద్ధాంతానికి తనే పూర్వపక్షి. అచ్చు పుస్తకాల్లో ఈ అనుబంధం ఉందో లేదో చూసి తీసుకోండి, సంక్షిప్త ప్రతుల్లో తీసేసే ప్రమాదం ఉంది.

పాతఅట్ట

మొదటి రెండు సంపుటాలు 1739లో వచ్చాయి, ఆ అనుబంధం మూడో సంపుటంతో 1740లో వచ్చింది. అంటే అచ్చయిన మరుసటి ఏడే ఆయనకు అనుమానం పట్టుకుంది. చరిత్ర అక్కర్లేదన్నారుగా, అందుకే చెప్తున్నాను.

ఘటపటాలు

హ్యూమ్ వదులుకోలేనన్న ఆ రెండు సూత్రాల్లో రెండోదాన్ని నైయాయికుడు అసలు ఒప్పుకోడు. ముడి కనిపిస్తుంది అంటాడు, "చూసిన నేనే తాకుతున్నాను" అన్న ఎరుకలోనే. కొత్తపాఠకుడు గారూ, హ్యూమ్ అయ్యాక ఇక్కడికే రండి, హ్యూమ్ తరఫున మీరు మాట్లాడండి.

కొత్తపాఠకుడు

హ్యూమ్ తరఫునా?! సరే. అనుబంధం ఉన్న ప్రతి దొరికింది, మొదలుపెడుతున్నాను.